చంటిబిడ్డతో విదేశీ ప్రయాణం: ముందు నీ చేతులు లెక్కపెట్టుకో తల్లీ

పర్లాకిమిడి నుంచి అడిగిన అమ్మాయికి.

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పురుటికి పుట్టింటికి వచ్చావు. బాబుకి నాలుగో నెల నడుస్తోంది. మీ ఆయన అమెరికాలోని డాలస్‌లో హెచ్-1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నాడు, సెలవు దొరక్క రాలేడు. బాబు పాస్‌పోర్టు, వీసా అయ్యాక ఆరో నెలలోనో ఏడో నెలలోనో ఒక్కదానివే వాడిని తీసుకుని వెళ్లాలి. అత్తగారేమో ఏడాది నిండేదాకా విమానం ఎక్కించొద్దంటున్నారు. చెవులు పోటెత్తుతాయా, పాలు ఎలా, కాగితాలు ఏమిటి, అంతసేపు ఒంటరిగా చేయగలనా అని నీ భయం.

నేను బరంపురంలో పిల్లల వార్డులో ముప్పై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. మా అమ్మాయి న్యూజెర్సీలో, అబ్బాయి మెల్‌బోర్న్‌లో ఉంటారు. అయిదు నెలల మనవరాలితో ఒకసారి, ఎనిమిది నెలల మనవడితో ఒకసారి, నడక వచ్చిన పద్నాలుగు నెలల పిల్లతో ఇంకోసారి సముద్రాలు దాటాను. మా చిన్నమ్మాయి ఈడుదానివి కాబట్టి నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు.

మూడు ప్రయాణాల్లో నాకు తెలిసింది ఒకటే. ఆకాశంలో బిడ్డ పెట్టే కష్టం తక్కువ. తల్లికి చేతులు చాలకపోవడమే అసలు కష్టం. పాస్‌పోర్టు తియ్యాలి, బ్యాగు ఎత్తాలి, బిడ్డ ఏడుస్తున్నాడు, నీకేమో రెండే చేతులు. అందుకని ఇంటి గడప దాటిన దగ్గర్నుంచి డాలస్‌లో కారెక్కేదాకా ప్రతి మజిలీనీ ఇప్పుడే మనసులో నడిచి చూడు. ‘ఇక్కడ బాబు ఎక్కడుంటాడు, నాకెన్ని చేతులు ఖాళీ?’ అని ప్రతిచోటా అడుగు. జవాబు లేని చోట మాత్రమే ఏర్పాటు కావాలి. మిగతా సామాను చాలావరకు అనవసరం.

ముందు అత్తగారి మాట. ఆవిడది ప్రేమే, కొట్టిపారెయ్యకు. కానీ నెలలు నిండి పుట్టి, బరువు బాగా పెరుగుతున్న బిడ్డకి నాలుగు నుంచి ఏడు నెలల మధ్య కాలమే ప్రయాణానికి అన్నిటికన్నా అనువైనది. మెడ నిలుస్తుంది, పాకడం ఇంకా సరిగ్గా రాదు, విమానంలో ఇచ్చే ఉయ్యాలలో పడతాడు, ఆకలికి చాలావరకు తల్లిపాలే. ఏడాది దాటిన పిల్లతో పదహారు గంటలు కూర్చోవడం ఎంత కష్టమో నేను చూశాను. మా మనవరాలు సీట్ల మధ్య దారిలో నడవాలని పట్టుపట్టి, అయిదు గంటలు నన్ను కూర్చోనివ్వలేదు. ఇదంతా ఆవిడకి నెమ్మదిగా చెప్పు. వీలైతే పిల్లల డాక్టరు దగ్గరికి ఆవిడనే వెంట తీసుకెళ్లు. డాక్టరు నోటి నుంచి వింటే ఆవిడ మనసు కుదుటపడుతుంది.

నెలలు తక్కువ పుట్టిన బిడ్డ, గుండెలో లోపం ఉన్న బిడ్డ, ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో ఉండి వచ్చిన బిడ్డ అయితే లెక్క వేరు. అలాంటివాళ్లకి డాక్టరు రాసిచ్చిన కాగితం లేకుండా టికెట్టే కొనకూడదు. ఇంకొకటి. మన దక్షిణ ఒడిశాలో సికిల్ సెల్ అనే, వంశంలో వచ్చే రక్తపు జబ్బు ఉన్న కుటుంబాలు తక్కువేమీ కాదు. మీ ఇద్దరి ఇళ్లలో ఎవరికైనా ఉంటే బాబుకి రక్త పరీక్ష చేయించే కదులు. ఎందుకో చెబుతాను. విమానం ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తున ఎగిరినా, లోపల గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు ఉంచుతారు. మీ జిల్లాలోని మహేంద్రగిరి 1,501 మీటర్లు, అంటే దాదాపు 4,900 అడుగులు. కోరాపుట్ దేవమాలి 1,672 మీటర్లు. వాటికన్నా ఇంకాస్త ఎత్తున కొన్ని గంటలు కూర్చున్నట్టు అనుకో. ఆరోగ్యంగా ఉన్న బిడ్డకి అది ఏమీ కాదు. సికిల్ సెల్ జబ్బు ఉన్నవాళ్లకి ఆక్సిజన్ తగ్గినా, ఒంట్లో నీరు తగ్గినా నొప్పులు వచ్చే ప్రమాదం ఉంది.

ఇక కాగితాలు. దీని గురించి కొంచెం ఎక్కువే చెబుతాను, ఎందుకంటే మన సరిహద్దు తెలుగువాళ్లకి వచ్చే చిక్కు శ్రీకాకుళం వాళ్లకీ రాదు, కటక్ వాళ్లకీ రాదు.

2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి పాస్‌పోర్టు దరఖాస్తులో పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రం ఒక్కటే ఆధారం. కాబట్టి ముందు ఆ పత్రం తీసి ఒక్కో అక్షరం చూడు. ఒడిశాలో మన పేర్లు రెండుచోట్ల చెడతాయి. మొదటిది వకారం. ఒడియాలో మన వకారం బకారమో భకారమో అయిపోతుంది. వెంకట అని చెబితే గుమాస్తా ఒడియాలో ‘భేంకట’ అని రాస్తాడు, దాన్నే ఇంగ్లీషులోకి దించుతాడు. రెండోది ఇంటిపేరు. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, ఇక్కడి ఆఫీసులు చివర్న వెతుకుతాయి. దాంతో తండ్రి పాస్‌పోర్టులో ఒకలా, తల్లి పాస్‌పోర్టులో పుట్టింటి పేరుతో ఇంకోలా, బిడ్డ పత్రంలో మరోలా తయారవుతుంది. మా అమ్మాయి విషయంలో ఇలాగే ఒక్క అక్షరం తేడా వచ్చి, దిద్దించుకోడానికి నెలన్నర తిరిగాం. ఆ నెలన్నర నీకు లేదు. తప్పుంటే ఈ వారమే మునిసిపాలిటీలో రిజిస్ట్రారుకి దరఖాస్తు పెట్టు. మీ ఇద్దరి పేర్లు మీ పాస్‌పోర్టుల్లో ఎలా ఉన్నాయో అక్షరం తేడా లేకుండా పత్రంలోనూ అలాగే రావాలి.

పాస్‌పోర్టు దరఖాస్తులో పేరుకి ఒక గడి, ఇంటిపేరుకి ఒక గడి ఉంటాయి. రెండూ నింపు. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరు అయిపోయి, పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది. పేరు తెలియదు అని దాని అర్థం. రేపు వాడు బడిలో చేరేటప్పుడు కూడా అది వెంటాడుతుంది.

పసివాళ్ల పాస్‌పోర్టుకి తల్లిదండ్రులిద్దరూ సంతకం చేసే అనెక్షర్-డీ అనే ప్రకటన పత్రం కావాలి. మీ ఆయన అక్కడున్నాడు కాబట్టి అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించిన ప్రమాణపత్రం, ఆయన పాస్‌పోర్టు నకలు పంపించాలి. అన్నిటికన్నా ఆలస్యమయ్యేది ఇదే. ఈ రాత్రే ఫోన్ చేసి మొదలుపెట్టమను. నాలుగేళ్ల లోపు పిల్లలకి తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఫొటో మనమే పట్టుకెళ్లాలి. పాస్‌పోర్టు అయిదేళ్లకి వస్తుంది.

ఆ ఫొటో గురించి మన ఇళ్లలో ఎవరూ ముందుగా ఆలోచించరు. బుగ్గన దిష్టిచుక్క, కళ్లకి కాటుక పెట్టి తీసిన ఫొటో పనికిరాదు. ఎలాగూ ఆ కాటుకలో సీసం ఉండే అవకాశం ఉంది, కళ్లకి పెట్టకపోవడమే మంచిదని వార్డులో ముప్పై ఏళ్లు చెబుతూనే ఉన్నాను. తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి పైనుంచి తియ్యండి, కళ్లు తెరిచి ఉండాలి, మీ చెయ్యి గానీ బొమ్మ గానీ పడకూడదు. వీసా ఫొటో రెండంగుళాల చదరం. ఇంకో మాట, పుట్టువెంట్రుకలు. సింహాచలమో తారాతారిణో మొక్కు ఉంటే ఆ గుండు వీసా ఫొటోకి ముందే కావాలా, ప్రయాణం అయ్యాకా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. ఒత్తుగా జుత్తున్న ఫొటో పెట్టి, గుండుతో వెళ్లి నిలబడితే కొంపలేమీ మునగవు. కానీ ఒంటరిగా ఉన్న తల్లికి కౌంటర్ దగ్గర అనవసరమైన ప్రశ్న ఒకటి తగ్గినా మేలే.

బాబుకి వీసా విడిగా తీసుకోవాలి. మీ ఆయనది హెచ్-1బీ కాబట్టి వాడికి నీలాగే హెచ్-4, అంటే కుటుంబ సభ్యుల వీసా. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారం వాడి పేరున విడిగా నింపాలి. ఒడిశా వాళ్లం హైదరాబాద్ అమెరికా కాన్సులేట్ పరిధిలోకి వస్తాం. అది నానక్‌రామ్‌గూడలో ఉంది. అపాయింట్‌మెంట్ కోసం హైదరాబాద్ వెళ్లాల్సి వస్తే ఆ రైలు ప్రయాణాన్నే పెద్ద ప్రయాణానికి రిహార్సల్ అనుకో. వాడు ఎంతసేపటికి పాలు అడుగుతాడో, చప్పుడులో ఎలా పడుకుంటాడో నీకు అక్కడే తెలిసిపోతుంది. బాబుని తీసుకెళ్లడానికి నాకు సమ్మతమే అని మీ ఆయన రాసి, నోటరీ చేయించిన ఉత్తరం ఒకటి, మీ పెళ్లి ధ్రువపత్రం నకలు ఒకటి దగ్గరుంచుకో. ప్రతిచోటా అడగరు. అడిగిన చోట మాత్రం అవి లేకపోతే నిన్ను పక్కన నిలబెడతారు.

టికెట్. రెండేళ్ల లోపు బిడ్డ ఒళ్లో కూర్చుంటే అంతర్జాతీయ ప్రయాణాల్లో మామూలుగా పెద్దవాళ్ల ఛార్జీలో పది శాతం, దానిపైన పన్నులు. ఒళ్లోనే అయినా వాడికి విడిగా టికెట్, బోర్డింగ్ పాస్ ఉంటాయి. మీరిద్దరూ ఒకే బుకింగ్‌లో ఉండాలి, ఊరి నుంచి ఊరి దాకా అన్ని విమానాలూ ఒకే టికెట్ మీద ఉండాలి. విశాఖ నుంచి హైదరాబాద్‌కి చవకగా దొరికిందని ఒకటి, అక్కడి నుంచి ఇంకో టికెట్ అని విడివిడిగా కొంటే, మధ్యలో సామాను దింపి మళ్లీ ఎక్కించాలి. చేతులు లెక్కపెట్టుకోమన్నది ఇక్కడే. నాలుగు వేలు మిగిలాయని సంబరపడి, నాలుగు పెట్టెలు, ఒక బిడ్డతో బెల్టు దగ్గర నిలబడొద్దు.

విమానం మారేచోట గంటన్నర వ్యవధి ఉన్న టికెట్ కొనకు. మూడు నాలుగు గంటలుంటే పాలిచ్చి, బట్టలు మార్చి, నువ్వు కూడా మొహం కడుక్కుని ఏదైనా తినొచ్చు. హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కి సుమారు నాలుగు గంటలు, అక్కడి నుంచి డాలస్‌కి సుమారు పదహారు. ఆ పదహారు గంటల విమానం బాబు రాత్రి నిద్ర వేళలో పడేట్టు చూసుకో.

టికెట్ కొన్న రోజే విమాన సంస్థకి ఫోన్ చేసి ఉయ్యాల అడుగు. ఇంగ్లీషులో బాసినెట్ అంటారు, ఎదురుగా గోడ ఉండే ముందు వరస సీటు దగ్గర తగిలిస్తారు. డబ్బు అక్కర్లేదు, కానీ కొన్నే ఉంటాయి, ముందు అడిగినవాళ్లకి ఇస్తారు. బరువు పరిమితి సంస్థని బట్టి మారుతుంది, ఆ అంకె కచ్చితంగా అడిగి తెలుసుకో. ప్రయాణానికి రెండు రోజుల ముందు మళ్లీ ఫోన్ చెయ్యి. అప్పుడే నీకు శాకాహార ప్రత్యేక భోజనం కూడా రాయించు. నువ్వు మాంసాహారివైనా సరే, ప్రత్యేక భోజనాలు సాధారణంగా అందరికన్నా ముందు తెస్తారు. బాబు పడుకున్న పది నిమిషాల్లో నువ్వు తినేయొచ్చు. బిడ్డ ఒళ్లో ఉండగా వేడి టీ మాత్రం తీసుకోకు. టీ ఒలికి ఛాతీ కాలిన పసివాళ్లని ఎంతమందిని చూశానో, ఆ ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

బిడ్డని ఒంటికి కట్టుకోవడం నేర్చుకో. మీ ఊరి సంతకి కొండల మీంచి దిగే సవర తల్లులని చూసే ఉంటావు. గుడ్డతో బిడ్డని ఒంటికి బిగించి, తల మీద బుట్ట పెట్టుకుని, రెండు చేతులూ ఖాళీగా నడుస్తారు. నీకు కావలసింది అదే. బజారులో దొరికే, ముందువైపు కట్టుకునే క్యారియర్ కొనుక్కో. ఇప్పటినుంచే రోజూ అరగంట వేసుకుని ఇంట్లో తిరుగు. ప్రయాణం రోజున మొదటిసారి వేస్తే వాడూ ఏడుస్తాడు, నీ నడుమూ పడిపోతుంది. సామాను వీపుకి తగిలించే ఒక్క సంచీలోనే ఉండాలి. చేత్తో లాగే పెట్టె వద్దు. కాగితాలు మెడలో వేసుకునే చిన్న సంచీలో ఉండాలి.

తోపుడు బండి గురించి నా అనుభవం చెబుతాను. రెండోసారి కోడలితో మెల్‌బోర్న్ వెళ్తున్నప్పుడు విమానం తలుపు దగ్గర బండి తీసుకున్నారు, మధ్యలో దిగగానే ఇస్తామన్నారు. దిగాం, అరగంట నిలబడ్డాం, బండి రాలేదు. సామానుతో పాటు సరాసరి చివరి ఊరికి పంపేశామని తర్వాత చెప్పారు. క్యారియర్ తెచ్చుకోలేదు. ఎనిమిది నెలల మనవణ్ణి నాలుగున్నర గంటలు నేనొకసారి, కోడలొకసారి చేతుల్లో మోశాం. మేం ఇద్దరం కాబట్టి సరిపోయింది. నువ్వు ఒక్కదానివి. బండి తీసుకెళ్లినా దాన్ని నమ్ముకుని వెళ్లకు, క్యారియర్‌నే నమ్ముకో.

పర్లాకిమిడి నుంచి పాతపట్నం మీదుగా విశాఖ దారి నీకు తెలిసిందే. అదే రోజు కారులో వెళ్లి విమానం ఎక్కాలనుకోవద్దు. ముందురోజే వెళ్లి విశాఖలో చుట్టాలింట పడుకోండి. తోడు ఎవరో ఒకరు విమానాశ్రయం తలుపు దాకా వస్తారు, అక్కడితో నీ ఒంటరి ప్రయాణం మొదలవుతుంది. భద్రతా తనిఖీలో క్యారియర్ విప్పి బిడ్డని చేతుల్లోకి తీసుకోమంటారు. మొలతాడుకి వెండి బిళ్ల, కాళ్లకి మువ్వలు ఉంటే యంత్రం కూస్తుంది. అవి ఇంట్లోనే తీసేసి వట్టి నల్లదారం ఉంచు. పాలు, పాలకోసం కాచిన నీళ్లు, బిడ్డ తిండి ప్రయాణానికి సరిపడా పట్టుకెళ్లొచ్చు. చేతి సామానులో ద్రవాలకి ఉండే వంద మిల్లీలీటర్ల నియమం మామూలుగా వీటికి వర్తించదు, అమెరికా వైపు కూడా అంతే. అడగకముందే సంచీ పైన పెట్టి, ‘ఇవి బిడ్డ పాలు’ అని చెప్పు.

ఇక చెవులు. నువ్వు అన్నిటికన్నా ఎక్కువ భయపడింది దీనికే. గొంతు నుంచి నడిమి చెవికి ఒక సన్నని గొట్టం ఉంటుంది. బయటి ఒత్తిడి మారినప్పుడు ఆ గొట్టం తెరుచుకుని లోపలి ఒత్తిడిని సమం చేస్తుంది. పసివాళ్లకి అది ఇంకా సన్నగా, అడ్డంగా ఉంటుంది కాబట్టి త్వరగా తెరుచుకోదు. మింగినప్పుడు తెరుచుకుంటుంది. అందుకే విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు రొమ్ము ఇవ్వమంటాం. లేచేటప్పటికన్నా దిగేటప్పుడే నొప్పి ఎక్కువ. ఇక్కడే అందరూ పొరపడతారు. దిగడం అంటే చక్రాలు నేలకి తగలడం కాదు. దానికి సుమారు అరగంట ముందే విమానం కిందికి జారడం మొదలవుతుంది. ఆ ప్రకటన వినగానే, బాబు నిద్రలో ఉన్నా లేపి పాలివ్వు. నిద్రపోతున్నాడు కదా అని వదిలేస్తే నొప్పితో లేచి గుక్కపట్టి ఏడుస్తాడు. పాలు వద్దంటే వేలు శుభ్రం చేసి చప్పరించనివ్వు. ఏడ్చినా కంగారుపడకు, ఏడుపులో కూడా వాడు మింగుతాడు, చెవి తెరుచుకుంటుంది. ప్రయాణానికి వారం లోపు జలుబు గానీ చెవిపోటు గానీ ఉంటే మాత్రం డాక్టరుకి చెవి చూపించే బయల్దేరు.

విమానం లేచేటప్పుడు, దిగేటప్పుడు వాడు ఉయ్యాలలో ఉండకూడదు. నీ బెల్టుకి తగిలించే చిన్న బెల్టు చాలా సంస్థలు ఇస్తాయి, కట్టి ఒళ్లో పట్టుకోవాలి. కుదుపులొచ్చి బెల్టు దీపం వెలిగినా అంతే. ఆ కట్టిన బెల్టు మీదుగా దుప్పటి కప్పు. బెల్టు కింద దుప్పటి పెట్టకు.

బాబు ఆరు నెలల లోపు, తల్లిపాలు తాగుతుంటే నీళ్లు అక్కర్లేదు. విమానంలో గాలి పొడిగా ఉంటుంది, అందుకని మామూలుకన్నా తరచుగా పాలివ్వు, నీళ్లు నువ్వు తాగు. ముందువైపు తెరుచుకునే కుర్తా, పెద్ద చున్నీ తెచ్చుకో. డబ్బా పాలు అయితే పొడి ఒక్కో పూటకి కొలిచి విడి డబ్బాల్లో వేసుకో. డెబ్బై డిగ్రీల పైన వేడి ఉన్న నీళ్లతో కలిపి, చల్లార్చి ఇవ్వాలి. కలిపిన పాలు రెండు గంటలు దాటితే, వాడు తాగి వదిలినవి గంట దాటితే పారబొయ్యి. పాలు వృథా అయ్యాయని మళ్లీ ఇవ్వడం వల్ల విరేచనాలు పట్టుకుంటే అక్కడ ఆ ఆకాశంలో నీకు సాయం ఎవరూ లేరు. ఏడుపు ఆపడానికి నాలిక మీద తేనె రాయమని ఎవరైనా చెబితే వినకు. ఏడాది లోపు బిడ్డకి తేనె వద్దు.

నిద్రపుచ్చే మందు అని దగ్గు సిరపో, జలుబు సిరపో ఇవ్వమనేవాళ్లు ఉంటారు. వద్దు. కొందరు బిడ్డలు దానితో మత్తుగా కాక ఇంకా రెచ్చిపోయి ఏడుస్తారు, ఊపిరి మందగించే ప్రమాదమూ ఉంది. జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటి చాలు. కానీ దాని దగ్గర జాగ్రత్త. మన దేశంలో చుక్కల మందులో సాధారణంగా ఒక మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములు ఉంటుంది, సిరపులో 5 మిల్లీలీటర్లకి 125. అంటే చుక్కల మందు నాలుగింతలు గాఢం. అమెరికాలో పసివాళ్లకి దొరికేది 5 మిల్లీలీటర్లకి 160. ఒక సీసా కొలత ఇంకో సీసాకి వాడితే ప్రమాదం. నువ్వు పట్టుకెళ్లే సీసా డాక్టరుకి చూపించి, బాబు బరువుకి ఎన్ని మిల్లీలీటర్లో ఆ సీసా మీదే రాయించుకో.

డైపర్లు, తడి గుడ్డలు, మార్చే బట్టలు ఒక్కో సెట్టు ఒక్కో కవర్లో కట్టుకో. మార్చేటప్పుడు సంచీ అంతా వెతక్కుండా ఒక్క కవరు లాగితే చాలు, ఒక్క చెయ్యి చాలు. రెండు గంటలకి ఒక డైపరు లెక్కన, పైన ఆరు వేసుకో. నీకూ ఒక జత బట్టలు పెట్టుకో, చాలామంది తల్లులు ఇది మర్చిపోతారు. బాత్‌రూమ్‌లో గోడకి మడిచే బల్ల ఉంటుంది, ఏ బాత్‌రూమ్‌లో ఉందో ఎక్కగానే అడిగి తెలుసుకో. నువ్వు బాత్‌రూమ్‌కి వెళ్లాలంటే ఎలా అని ఎవరినీ అడగలేక అడిగావు, నాకు అర్థమైంది. బాబుని ఉయ్యాలలో పెట్టి, దాని పట్టీ బిగించి, ఎయిర్‌హోస్టెస్ అమ్మాయిల్లో ఒకరిని ‘అయిదు నిమిషాలు చూస్తారా’ అని అడుగు. పక్క సీట్లో పెద్దావిడ ఉంటే ఆవిడనైనా అడుగు. ఒంటరిగా పసిబిడ్డతో ఉన్న తల్లి అడిగితే కాదనేవాళ్లని నేను ఇంతవరకూ చూడలేదు. అడగడానికి సిగ్గుపడి, నీళ్లు తాగడం మానేసి, కడుపు మాడ్చుకుని కూర్చోవద్దు. నువ్వు పడిపోతే బాబుకి ఎవరూ లేరు.

టీకాల సంగతి. ఆరు, పది, పద్నాలుగు వారాలవి అయ్యాయని రాశావు, మంచిది. ఆరు నెలలు నిండాక వెళ్తే ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు తట్టు టీకా ఒక మోతాదు గురించి డాక్టరుని అడుగు. విదేశీ ప్రయాణం చేసే ఆరు నుంచి పదకొండు నెలల పిల్లలకి ముందుగా ఒకటి వేయించమని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతుంది. అది అక్కడి రెండు మోతాదుల లెక్కలోకి రాదు, ఏడాది నిండాక మళ్లీ వేస్తారు. మమతా దివస్‌లో, అంటే ఇక్కడ టీకాలు వేసే రోజున ఇచ్చిన కార్డు ఒడియాలో ఉంటుంది, డాలస్ డాక్టరుకి అక్షరం ముక్క తెలియదు. ప్రతి టీకా పేరు, తేదీ ఇంగ్లీషులో రాయించి, సంతకం, ముద్ర వేయించుకో. లేకపోతే వేసినవే మళ్లీ వేస్తామంటారు.

మీ అమ్మ ఉగ్గుబియ్యం, పప్పులు, ఇంగువ, అన్నీ మూట కడుతుంది. ధాన్యానికి పట్టే ఖాప్రా పురుగు భయంతో 2011 నుంచి అమెరికా మన దేశం నుంచి ప్రయాణికుల సామానులో బియ్యం, శనగలు రానివ్వడం లేదు. పళ్లు, విత్తనాలు, మాంసం కూడా వద్దు. ఇంకా ముఖ్యం, గసగసాలు. మన వైపు ప్రతి వంటింట్లో ఉంటాయి. గల్ఫ్‌లో యూఏఈలో అవి నిషిద్ధం, పొరపాటున డబ్బా అడుగున కూడా ఉండకూడదు. పట్టుకెళ్లినవి ఏవైనా అడిగిన చోట ఉన్నది ఉన్నట్టు చెప్పు. డాలస్ చుట్టూ మనవాళ్ల దుకాణాలు కావలసినన్ని ఉన్నాయి, ఉగ్గు అక్కడే వేయించి, విసిరి చేసుకోవచ్చు.

దిగాక ఇమిగ్రేషన్ దగ్గర బాబు పాస్‌పోర్టు, మీ ఆయన హెచ్-1బీ ఆమోద పత్రం నకలు పైన పెట్టుకో. ఇంటికి వెళ్లిన మర్నాడు ఐ-94 రికార్డు, అంటే దేశంలోకి వచ్చినట్టు రాసుకునే నమోదు, వెబ్‌సైట్లో తెరిచి బాబు పేరు, గడువు తేదీ సరిగ్గా ఉన్నాయో చూడండి. మొదటి నాలుగైదు రోజులు పగలు రాత్రి తారుమారవుతాయి. పగలు కర్టెన్లు తీసి వెలుగు పడనివ్వు, రాత్రి పాలిచ్చేటప్పుడు దీపాలు వెలిగించకు, మాట్లాడించకు. అదే సర్దుకుంటుంది.

మీ ఆయనకి ఒక పని చెప్పు. విమానాశ్రయానికి పూలు తేకపోయినా పర్వాలేదు, కారులో వెనక్కి తిరిగి ఉండే పసివాళ్ల సీటు బిగించుకుని రావాలి. డాలస్ ఉన్న టెక్సస్‌లో ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి వాళ్లకి తగ్గ పిల్లల సీటు ఉండాలన్నది చట్టం, నాలుగడుగుల తొమ్మిది అంగుళాల ఎత్తు దాటితే తప్ప. ఇరవై నాలుగు గంటలు ఒళ్లో మోసుకొచ్చిన బిడ్డని ఆ అరగంట కూడా ఒళ్లో పెట్టుకోవాలనిపిస్తుంది నీకు. పెట్టుకోకు. ఆ పట్టీలు బిగించడం తేలిక కాదు, నువ్వు దిగే ముందు వారంలో ఒక బొమ్మనో దిండునో కూర్చోబెట్టి రెండు మూడుసార్లు చేసి చూసుకోమను.